పెంచలకోనలో ఒకటి, సిద్ధేశ్వరంలో ఒకటి: మా రెండు మొక్కల నడకలు

అడవిలో మందుమొక్కలు చూపిస్తామంటే నెల్లూరు నుంచి రెండుసార్లు వెళ్ళాం. నవంబరు చివర్లో ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఇంకోసారి. నేను, మా ఆయన, మోకాళ్ళ నొప్పులున్నా అందరికంటే ముందే చెప్పులేసుకుని కూర్చునే మా అత్తమ్మ. మొదటిదానికి మనిషికి 900 కట్టాం. రెండోదానికి మమ్మల్ని నడిపించిన అవ్వ అడిగింది 300, అదీ ముగ్గురికీ కలిపి.

మొదటిది పెంచలకోన. పొదలకూరు, రాపూరు మీదుగా రెండు గంటల దారి. వాన్ టైముకి వచ్చింది, పులిహోర బాగుంది, ఆడవాళ్ళ అవసరం చూసి దారిలో రెండుచోట్ల ఆపారు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. దర్శనం అయ్యాక అత్తమ్మ అక్కడి కథ చెప్పింది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని ఆదిలక్ష్మమ్మ అలిగి దూరంగా వెళ్ళి కూర్చుందట. అందుకే ఆవిడ గుడి విడిగా ఉంటుంది.

చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, వెలికొండల అడవి. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. అంత అడవిలోకి మేం వెళ్ళింది 42 మందిమి, ముందు ఒకాయన, ఆయన చేతిలో మైకు. గంటన్నరలో అరవై మొక్కలు. "ఇది షుగర్‌కి, ఇది కిడ్నీలో రాళ్ళకి, ఇది గ్యాస్‌కి" అనుకుంటూ నడిచిపోయాడు. వెనకున్నవాళ్ళకి పేరు వినపడేసరికి మొక్క దాటిపోయేది. పుస్తకంలో 31 పేర్లు రాసుకున్నాను. రాత్రి చూసుకుంటే కళ్ళ ముందుకొచ్చినవి నాలుగే. అందులో తిప్పతీగ, నేల ఉసిరి, గుంటగలగర మా పెరట్లోనే ఉన్నాయి.

అదైనా సర్దుకోవచ్చు. ఆయన ఒక మారేడు గడ్డ తీగ కనపడితే గునపంతో తవ్వి, వేరు విరిచి అందరికీ వాసన చూపించాడు. సుగంధి షర్బత్ కోసం వేర్లు తవ్వీ తవ్వీ ఆ తీగ కొండల్లో కరువైపోతోంది. పైగా అభయారణ్యంలోంచి ఆకైనా తెంపుకెళ్ళకూడదు. ఇంకోచోట ఒక పిల్లాడు గురివింద గింజలు ఏరి జేబులో వేసుకుంటున్నాడు. నమిలి మింగితే ప్రాణం మీదకొచ్చే విషం అది. మైకులో ఆ మాట రాలేదు. జేబు ఖాళీ చేయించింది మా అత్తమ్మ.

2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య కరోనాకి ఇచ్చిన ఆకుమందు కోసం కార్లు బారులు తీరిన జిల్లా మాది. ప్రభుత్వం కంటిచుక్కలను పక్కనపెట్టి మిగతా మందుకే అనుమతిచ్చిందని ఎంతమందికి గుర్తుందో. ఆకు పేరు చెవిన పడితే చాలు, ఎంత వెయ్యాలి, ఎవరు వాడకూడదు అని అడగం మనం.

రెండోది ఉదయగిరి వైపు. తెలిసినవాళ్ళు సీతారామపురం దగ్గర ఒక యానాది అవ్వకి చెప్పిపెట్టారు. ముందురోజు రాత్రి దిగిన లాడ్జి గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. వేడినీళ్ళు ఉన్నాయన్నారు, గీజర్‌కి వైరే లేదు. దోమలకి మాత్రం లోటు లేదు. పొద్దున్న కారం దోశ తిన్నాక కోపం తగ్గింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు నెల్లూరులోనే పడుకుని తెల్లవారుజామున బయల్దేరితే సుఖం.

ఘటిక సిద్ధేశ్వరం గుడి దారి పట్టుకుని, దారి దిగకుండా మూడు గంటలు నడిపించింది అవ్వ. చూపించినవి పదమూడు మొక్కలే. ఒక్కోదాని దగ్గర కూర్చోబెట్టింది. ఆకు నలపమంది, వాసన చూడమంది, వెనక్కి తిప్పి చూడమంది. నల్లేరు దగ్గర అయితే అత్తమ్మా అవ్వా పచ్చడి గురించి మాట్లాడుకుంటూ మమ్మల్ని మర్చిపోయారు. చేతికి నూనె రాసుకుని లేత కణుపులే తీసుకోవాలి, బాగా వేయించాలి, చింతపండు పడాలి, లేకపోతే గొంతు దురద.

పొడపత్రి దగ్గర అవ్వ మా ఆయన చేతిలో రెండాకులు పెట్టింది. "నమిలి ఉమ్మెయ్యి నాయనా, ఇప్పుడు తీపేదన్నా తిను." సంచిలో మలైకాజా ఉంది. ఒకటి నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు. నేనూ ఆకు నమిలి చూశాను. నెయ్యి తెలుస్తోంది, పాలవాసన తెలుస్తోంది, తీపి మాత్రం లేదు. నానిన పిండి ముద్ద. అరగంట దాటాక గానీ నాలుకకి తీపి తిరిగి రాలేదు. మా ఆయనకి షుగర్ మాత్రలున్నాయి. రోజూ నమిలేద్దామని అప్పుడే మొదలుపెట్టాడు. "డాక్టరుకి చెప్పి తిను, ఊరికే తింటే కళ్ళు తిరిగి పడతావు" అంది అవ్వ. నిజమే, మాత్రలకి ఇది తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు.

నల్ల ఈశ్వరి తీగని ముట్టుకోనివ్వలేదు. వాళ్ళ పెద్దలు పాముకాటుకి వాడేవారట. "ఇప్పుడైతే 108కి ఫోన్ చెయ్యండి తల్లీ" అంది. ఆ తీగలో ఉండే ఆసిడ్ కిడ్నీల్ని పాడుచేస్తుంది, కాన్సర్ కూడా తెస్తుంది. అవ్వకి ఆ ఆసిడ్ సంగతి తెలియదు, ముట్టకూడదని తెలుసు. ఒక పసుపుపూల మొక్క గురించి అడిగితే "నాకు తెలీదు" అనేసింది. మైకాయన నోట ఆ మాట ఒక్కసారీ వినలేదు.

చివర్లో గుంటలోంచి బురదనీళ్ళు చెంబులో తెచ్చి, చిల్లగింజ ఒకటి రాతి మీద అరగదీసి కలిపింది. మా చీరలకీ ప్యాంట్లకీ అంటుకున్న ఉత్తరేణి గింజలు పీక్కుని లేచేసరికి మట్టి అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచాయి. అయినా తాగనివ్వలేదు, కాచుకోవాలంది.

300 బదులు వెయ్యి ఇచ్చాం. తిరిగొస్తూ ఉదయగిరిలో చెక్క గరిటెలు కొన్నాం, అవి బాగున్నాయి. వేసవి సెలవుల్లో మా చెల్లెలి పిల్లల్ని తీసుకొస్తామంటే అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఎండల్లో వద్దు తల్లీ. వానలు పడి వెళ్ళాక రాండి. అప్పుడు దాకా ఏముంటయ్, పుల్లలే."