కీమో ముందా, ఆపరేషన్ ముందా?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ కన్నా ముందే కీమో ఇద్దామని డాక్టర్ అనగానే "గడ్డ తీయకుండా కీమో ఏమిటి, ఈలోగా పాకిపోదా?" అని టెన్షన్ పడతారు. కీమో ముందిచ్చినా తర్వాతిచ్చినా ఆయుష్షు విషయంలో మొత్తమ్మీద పెద్ద తేడా లేదు. తేడా వేరే చోట ఉంది.

ముందే ఇస్తే గడ్డ చిన్నదవుతుంది. రొమ్మంతా తీయాల్సిన చోట గడ్డవరకే తీస్తే సరిపోవచ్చు. మందు పనిచేస్తోందో లేదో కూడా తెలుస్తుంది. ఒక్కోసారి గడ్డ ఆనవాలే లేకుండా కరిగిపోతుంది. అప్పుడు సర్జన్ ఎక్కడ కోయాలి? అందుకే మొదట్లోనే గడ్డలో బియ్యపుగింజకన్నా చిన్న లోహపు క్లిప్ పెట్టి ఉంచుతారు. ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్లతో గానీ హెర్2 అనే ప్రొటీన్‌తో గానీ పెరగనిది), హెర్2 పాజిటివ్ (ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉన్నది) రకాల్లో గడ్డ మరీ చిన్నది కాకపోతే, నేనైతే డాక్టర్‌ను ముందు ఈ దారి గురించే అడుగుతాను.

హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్ల వల్ల పెరిగే, చిన్న గడ్డలకు మాత్రం ముందు ఆపరేషనే మేలు. తీసిన గడ్డ రిపోర్టు, జన్యు పరీక్ష చూశాక కొందరికి అసలు కీమోనే అక్కర్లేదంటారు. జుట్టు రాలడం, వికారం అంటారా, ఎప్పుడిచ్చినా అవే.