విశాఖలో మురీ మిక్చర్ కోసం డైరెక్టరీని నమ్ముకుంటే

విశాఖ వెళ్లి బండి మీద తినాలనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా, ఆన్‌లైన్ సిటీ డైరెక్టరీలో మీ ఫోన్ నంబర్ మాత్రం ఇవ్వకండి. ఇచ్చిన పది నిమిషాలకే మాకు ఫోన్ల మీద ఫోన్లొచ్చాయి. మేం వెతికిన మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, మాత్రం రాలేదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారేసరికి దిగాం. ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సుకి దగ్గర్లో ఏసీ గది 1,900. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఉదయం తొమ్మిది దాకానే. బీచ్ ఎదురుగా ఇలాంటి గదికే 4,000 పైన చెప్పారు. గదిలో ఉండేది నిద్రపోవడానికే కదా, సముద్రం కనపడకపోతే నష్టమేం లేదు. సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం హాయిగా జరిగిపోయాయి.

గొడవంతా సాయంత్రం మొదలైంది. మా బావమరిది ఫోన్లో చూడందే అడుగు తీసి అడుగు వెయ్యడు. "బావా, స్ట్రీట్ ఫుడ్ అని కొడితే ఎన్ని వచ్చాయో చూడు, అన్నిటికీ రేటింగులున్నాయి" అన్నాడు. బండివాళ్ల నంబర్ కనపడాలంటే మన నంబరిచ్చి ఓటీపీ కొట్టాలట. కొట్టాడు. తనది కాదు, నాది. కాసేపటికే నాకో కేటరింగ్ ఆయన ఫోన్.

"సార్, ఫంక్షన్ ఎప్పుడండీ? పెళ్లా, బర్త్‌డేనా?"

"ఫంక్షనేం లేదండీ, మురీ మిక్చర్ తిందామని."

"ఎన్ని ప్లేట్లు సార్?"

"అయిదు."

"వంద ప్లేట్లకి తక్కువైతే కౌంటర్ పెట్టమండీ."

పాపం ఆయన తప్పేముంది, డబ్బు కట్టి ఎంక్వైరీ కొనుక్కున్నాడు. ఆయన పెట్టేయగానే ఇంకొకాయన. చాట్ బండి కొత్తది తయారు చేయించి ఇస్తాడట, 65,000, గొడుగు ఉచితం. ఆకలేసి వెతికినవాణ్ణి పట్టుకెళ్లి ఊళ్లో ఉన్న కేటరింగ్ వాళ్లందరికీ పంచిపెట్టారన్నమాట.

సరే, ఫోన్లతో పనిలేదు, అడ్రసుంది కదా అని ఎంవీపీ కాలనీకి ఆటో మాట్లాడాం, 150. రేటింగ్ 4.6, పక్కనే '24 గంటలూ తెరిచి ఉంటుంది' అని. బజ్జీల బండి 24 గంటలేమిటని మా ఆవిడ దారిలోనే అంది, మేం వినిపించుకోలేదు. మ్యాప్ తీసుకెళ్లి ఓ అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆపింది. వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "బండి ఇక్కడేటుంటాది బాబూ? ఆలు పైన అద్దెకుండీవోరు. ఎప్పుడో కాళీ సేసి ఎలిపోనారు" అన్నాడు. నమోదు చేసుకున్నప్పుడు బండాయన ఇంటి చిరునామా ఇచ్చి ఉంటాడు. బండికి చక్రాలుంటాయి, దానికి డోర్ నంబర్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెండో పేరు పాత జైలు రోడ్డులోని నైట్ ఫుడ్ కోర్టు. మళ్లీ ఆటో, ఇంకో 150. అక్కడ దిగితే ఖాళీ రోడ్డు! జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లు 2025లోనే ఆ బండ్లన్నిటినీ తీయించేశారట. డైరెక్టరీలో మాత్రం పొగలు కక్కుతున్న నూడుల్స్ ఫొటోలు, 'ఇప్పుడు తెరిచి ఉంది'. పైగా ఆ రోడ్డు మా లాడ్జి నుంచి నడిచొచ్చే దూరమే. అప్పటికే మా అమ్మాయి బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసింది. అత్తయ్యగారు మొహం అటు తిప్పుకుని, "ఈ తిరుగుడికి హోటల్లో రెండిడ్లీ తిని పడుకునేవాళ్లం" అన్నారు. బావమరిది ఫోన్ జేబులో పెట్టేశాడు. అదొక్కటే ఆ పూట జరిగిన మంచిపని.

ఆటో ఆయన్నే అడిగాం. "మురీ మిక్చరా? దానికి ఫోన్ ఎందుకండీ, బీచ్‌కి పదండి" అని 100 తీసుకుని కాళీమాత గుడి దగ్గర దింపాడు. వరసగా బండ్లే. మాకు కలిపిచ్చినావిడ ఓ పెద్ద స్టీలు గిన్నెలో మరమరాలు పోసి, ఉల్లిపాయ, టమాటా, కారట్ తురుము, వేయించిన పల్లీలు, కారం వేసి, గరిటెతో గిన్నె అంచుమీద టకటకా కొడుతూ ఎగరేసింది. నిమ్మకాయ చివర్లోనే పిండింది. ముందే పిండితే మెత్తబడిపోతాయట. పొట్లం 40. చివరి పలుకు దాకా కరకరలాడింది. డైరెక్టరీలో మీ బండి ఉందా అనడిగితే నవ్వేసింది. "ఎవుడో కుర్రోడొచ్చి పొటో తీసుకెల్లినాడు బాబూ. నెలనెలా డబ్బులు కడితే పైన సూపిత్తామన్నాడు. నానెందుకు కడతాను, నా బండి అందరికీ కనపడతనే ఉంటాది కదా!"

ఆ సాయంత్రం లెక్క: ఆటోలకు 400, తిండికి 200.

మర్నాడు పొద్దున్నే బీచ్ రోడ్డుకి నడకకెళ్లాం. ఆ వేళ వాకర్ల కోసం అక్కడ బైకులూ కార్లూ రానివ్వరు. నడిచేవాళ్లలో ఓ పెద్దాయన చోడి (రాగి) అంబలి బండి చూపించారు. గ్లాసు 20. చల్లటి అంబలి, పైన మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ, నంజుకోడానికి పచ్చిమిరపకాయ. అత్తయ్యగారిది బొబ్బిలి దగ్గరి ఊరు. హైదరాబాద్‌లో బయట మంచినీళ్లు కూడా ముట్టని మనిషి, నిలబడే రెండు గ్లాసులు తాగి, మూడోది బాటిల్లో పోయించుకున్నారు! నిన్నటి ఇడ్లీ మాట మళ్లీ ఎత్తలేదు.

డైరెక్టరీ పూర్తిగా దండగ అనను. లాడ్జి, మందుల షాపు, టైరు పంక్చరు, ఇలా గోడా తలుపూ ఉన్నవాటికి పనికొస్తుంది. బండికైతే నక్షత్రాలు చూడకండి, తిన్నవాళ్లు ఈమధ్య పెట్టిన ఫొటోలు చూడండి. 'వెరిఫైడ్' ముద్ర కన్నా బండికి అంటించిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు నయం. అంతకన్నా నయం, చుట్టూ నిలబడి తింటున్న లోకల్ జనం. బీచ్‌లో బండ్లు నాలుగు దాటాకే నిండుగా కనపడతాయి, ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, తొక్కిసలాటే. అంబలికి ఏడింటిలోపు వెళ్లండి. మేం తాగి అక్కణ్ణుంచి బయల్దేరేసరికి ఎనిమిది కూడా కాలేదు, కుండ బోర్లించేశారు.