కీళ్లవాతం పొడి పొట్లాలు కొనకండి: నల్గొండ, దేవరకొండ వైపు వాళ్లకు హెచ్చరిక

దేవరకొండ వైపు సంతల్లో "కీళ్లవాతానికి మూలికల మందు" అంటూ పొట్లాలు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి.

మా అమ్మ వాడింది. రెండో రోజుకే నొప్పి పోయి, ముడుచుకోని పిడికిలి ముడుచుకుంది. కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, కాస్త తగిలినా చర్మం నల్లగా కమిలిపోయేది, ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. పొట్లంలో గోధుమరంగు పొడి, దాంతోపాటు పేరు లేని చిన్న తెల్ల బిళ్లలు. తయారుచేసిన వాళ్ల పేరు గానీ, లైసెన్స్ నంబర్ గానీ ఎక్కడా కనిపించవు. బిల్లు అడిగితే కసురుకున్నాడు. నల్గొండలో డాక్టర్ అమ్మ ముఖం చూస్తూనే "ఏం పొడి వాడుతున్నావమ్మా?" అని అడిగారు. ఇవన్నీ స్టెరాయిడ్ (వాపునూ నొప్పినీ త్వరగా అణిచే, డాక్టర్ చెబితేనే వాడాల్సిన మందు) వాడితే వచ్చే లక్షణాలేనట.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేయకండి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం తీసుకుని దవాఖానకు వెళ్లండి, డాక్టర్లే మెల్లగా తగ్గిస్తారు.

మన దగ్గర కీళ్లు పట్టేస్తే "ఫ్లోరైడ్ నీళ్లు కదా" అని ఊరుకుంటాం. ఈలోగా కీళ్లు అరిగిపోతాయి. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లు, మణికట్లు బిగుసుకుపోయి గంటైనా వదలకపోతే, వాపు వారాల తరబడి ఉంటే, రుమటాయిడ్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం) ఏమోనని చూపించుకోవాలి. దీనికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. అమ్మకు అలాగే వచ్చింది, యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్షలో బయటపడింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల) విభాగం ఉంది.

ఇప్పుడు అమ్మకు రుమటాయిడ్‌ను అదుపు చేసే మెతోట్రెక్సేట్ అనే మందు ఇస్తున్నారు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం, అందుకే డబ్బా మీద "ఆదివారం" అని పెద్దగా రాసిపెట్టాం. మధ్యమధ్యలో రక్తం, లివర్ పరీక్షలు చేయించాలి. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఆ ఓపిక లేనివాళ్ల కోసమే ఈ పొడివాళ్లు కాచుకుని ఉంటారు. బాధలో ఉన్న మనిషికి రెండు రోజుల్లో తగ్గిస్తామంటే నమ్మకుండా ఎలా ఉంటారు? నాకు కోపమంతా అమ్మేవాళ్ల మీదే.

కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఎక్కడైనా కనిపిస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కి చెప్పండి. మిగిలిన పొడి పారేయకండి, ఏం కలిపారో తేల్చడానికి అదే కావాలి.