ఎండను చూసి పని వేసే సాఫ్ట్‌వేర్

మాది ప్లాస్టిక్ మోల్డింగ్ ఫ్యాక్టరీ. ప్రొడక్షన్ ప్లానింగ్ నా బాధ్యత. పైకప్పు మీద సోలార్, ఒక బ్యాటరీ, ఒక డీజిల్ జనరేటర్, గ్రిడ్ కరెంటు ఉన్నాయి. ఈ నాలుగింటినీ, చేతిలో ఉన్న ఆర్డర్లనూ చూసి ఏ మెషిన్ ఎప్పుడు నడవాలో చెప్పే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది, అదే అసలు విషయం: ఏ పని ఆగగలదో, ఏది ఆగలేదో దీనికి చెప్పవచ్చు. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ గింజలను అచ్చు పోయడానికి ముందు సుమారు 80 డిగ్రీల వేడిలో 2 నుంచి 4 గంటలు ఆరబెట్టాలి. సాయంత్రం షిఫ్టుకు కావలసిన గింజలు ఇప్పుడు మధ్యాహ్నపు ఎండలోనే, అంటే సోలార్ కరెంటుతోనే, ఆరిపోతున్నాయి. తుక్కును పొడి చేసే గ్రైండరూ అప్పుడే తిరుగుతుంది. పీవీసీ అలా కాదు. వేడెక్కిన బ్యారెల్‌లో, అంటే మెషిన్‌లో ప్లాస్టిక్ కరిగే గొట్టంలో, అది నిలిచిపోతే మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదిలి లోపల తిరిగే స్క్రూను తినేస్తుంది. అందుకే పీవీసీకి ‘మధ్యలో ఆపరాదు’ అని గుర్తు పెడితే, మబ్బు పట్టినా ఆ మెషిన్ జోలికి పోదు.

జనరేటర్ విషయంలోనూ తెలివి ఉంది. 30 శాతం లోపు లోడుతో ఎక్కువసేపు నడిస్తే డీజిల్ సరిగా మండక ఇంజనులో మసి పేరుకుంటుంది. అందుకని చిన్న చిన్న పనులను ఒకచోట చేర్చి, తగినంత లోడు ఉన్నప్పుడే జనరేటర్‌ను నడిపిస్తుంది. పెద్ద మోటారు నేరుగా స్టార్ట్ అయితే మామూలుకు 5 నుంచి 7 రెట్ల కరెంటు లాగుతుంది కాబట్టి రెండు కంప్రెసర్లను ఒకేసారి లేవనివ్వదు.

కోపం తెప్పించేది అచ్చు మార్పిడి. చిన్న అచ్చుకైనా, క్రేన్‌తో ఎత్తాల్సిన పెద్ద అచ్చుకైనా ఇది ఒకే సమయం లెక్క వేసేది. దాంతో మబ్బు వచ్చినప్పుడల్లా అచ్చులు మార్చమనేది. ఆ బరువు మోసే ఫిట్టర్ల శ్రమ దాని లెక్కలోనే లేదు! గట్టిగా అడిగాక, మొదలుపెట్టిన పనిని కనీసం ఇంతసేపు నడపాలనే సెట్టింగ్ ఇచ్చారు. రంగుల వరుస మాత్రం ఇంకా పట్టదు. నలుపు తర్వాత తెలుపు వేస్తే, బ్యారెల్ శుభ్రం చేయడానికే బోలెడు సరుకు పోతుంది.

ముందుకూ వెనక్కూ జరపగల పనులున్న ఫ్యాక్టరీలు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఒకే సరుకును రాత్రింబగళ్లు ఆపకుండా తీసేవారికి దీనితో పెద్ద ప్రయోజనం లేదు.