ఎక్స్, క్యూ, జెడ్, జే: ఐదక్షరాల మాటల్లో ఏది ముందు నేర్పితే మేలు?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో హైస్కూల్ గేటు మీద జెడ్.పి.హెచ్.ఎస్. అని ఉంటుంది. ఆ జెడ్ జిల్లా అన్న మాటది. రోజూ ఆ గేటు దాటే పిల్లలే జీబ్రా రాయమంటే జేతో మొదలుపెడతారు. మన తెలుగులో ఆ రెండు శబ్దాలకూ జ ఒక్కటే దిక్కు మరి.

ఎక్స్, క్యూ, జెడ్, జే నాలుగూ ఇంగ్లీషులో అరుదైన అక్షరాలే. అందుకని నాలుగింటి మాటలనూ కలిపి ఒకే జాబితాగా బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తుంటారు. దాని వల్ల మేలు కన్నా గందరగోళమే ఎక్కువ. తప్పు ఒక్కో అక్షరం దగ్గర ఒక్కో కారణంతో పుడుతుంది. పట్టే కాలమూ ఒకటి కాదు.

ముందు ఎక్స్ మేలు. చెవికి దొరికే అక్షరం అది. ఎక్స్‌ట్రాలో క్స అని, ఎగ్జాక్ట్‌లో గ్జ అని వినిపిస్తుంది. ఈ రెండు శబ్దాలూ పట్టుబడితే సగం పని అయినట్టే. బోర్డు మీద ఐదు గళ్లు గీసి, ఎక్స్‌ను గడి గడికీ జరపండి. రెండో గడిలో ఎక్స్‌ట్రా, ఆక్సైడ్. మూడో గడిలో సిక్స్త్, టాక్సిక్. నాలుగో గడిలో ప్రాక్సీ. ఐదో గడిలో ఇండెక్స్, రిలాక్స్. మొదటి గడిలో మాత్రం జీనాన్ (ఒక వాయువు పేరు) లాంటి కొద్ది మాటలే దొరుకుతాయి, పైగా అక్కడ శబ్దం కూడా మారిపోతుంది. దాన్ని చివరికి వదిలేయండి. ఇక్కడ దొర్లే తప్పు ఒకటుంది. బుక్స్, రాక్స్ లాంటి బహువచనాల్లో కూడా క్స వినిపించగానే ఎక్స్ పెట్టేస్తారు. కేతో ముగిసే మాటకు ఎస్ చేరితే అది కే-ఎస్ గానే ఉంటుందని అప్పుడే చెప్పాలి.

క్యూకు రెండు రోజులు చాలు. మామూలు ఇంగ్లీషు మాటల్లో క్యూ వెనకే యూ నడుస్తుంది: క్వీన్, క్విక్, ఈక్వల్, స్క్వాడ్. పిల్లలు క, వ అని విని కే, డబ్ల్యూ రాస్తారు. ఈ ఒక్క నియమంతో ఆ తప్పు పోతుంది. అసలు చిక్కు నిశ్శబ్దం అనే క్వైట్‌కూ, చాలా అనే క్వైట్‌కూ మధ్య ఉంది. మన నోట రెండూ ఒకటే. మొదటిదాన్ని డైట్ పక్కన రాయండి, ఐ తర్వాత ఈ-టీ కనిపిస్తుంది. రెండోదాన్ని వైట్, బైట్ పక్కన రాయండి, చివర టీ-ఈ కనిపిస్తుంది.

యూ తోడు లేని క్యూ మాటలు మన ఉర్దూ వీధుల్లో రోజూ వినేవే: ఫకీర్, బుర్ఖా, తలాఖ్. మూడూ ఇంగ్లీషులో ఐదక్షరాలే, మూడూ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్నాయి. క్యూ నాలుగో గడిలో పడితే వెనక యూకు ఒక్క గడే మిగులుతుంది. క్యూ-యూతో ముగిసే మామూలు మాట ఇంగ్లీషులో లేదు. అందుకే నాలుగో గడికి బుర్ఖా, ఐదో గడికి తలాఖ్ కావాల్సి వస్తుంది. ఫకీర్, బుర్ఖాలను కేతో రాసే పద్ధతి కూడా ఉంది. పిల్లలు అలా రాస్తే తప్పు దిద్దకండి.

ఎక్కువ సమయం జెడ్‌కే ఇవ్వాలి. ఇక్కడ తప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటిది జేతో కలగాపులగం. హుజూర్‌నగర్‌కు ఇంగ్లీషులో జెడ్, జడ్చర్లకు జే. బస్సు బోర్డుల మీద ఈ రెండు పేర్లు చూపించి, జెడ్ పలికేటప్పుడు నాలుక పైకి తగలకుండా గాలి గొణిగినట్టు సాగాలని చెప్పండి. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఇది ముందే వచ్చు. నమాజ్, బజార్ వాళ్ల చేత పలికించి మిగతావాళ్లకు వినిపించండి. నిజాం అన్న మాట కూడా జెడ్ ఉన్న ఐదక్షరాల మాటే.

రెండో తప్పు ఇంకా మొండిది. ఆ శబ్దం వినిపించిన ప్రతిచోటా జెడ్ ఉండదు. మ్యూజిక్, విజిట్, నాయిజ్‌లలో రాసేది ఎస్. మొక్కజొన్నకు మెయిజ్ అని జెడ్‌తో రాస్తాం, పైకెత్తడానికి రెయిజ్ అని ఎస్‌తో రాస్తాం. దీనికి నమ్మదగిన సూత్రం లేదు. ఒక పక్క జెడ్ మాట, ఒక పక్క ఎస్ మాట పెట్టి రోజుకు మూడు జంటల చొప్పున రాయించడమే దారి.

జేను విడిగా నేర్పొద్దు. మాట మొదట్లో జ్యూస్, జాయింట్ లాంటివి తేలికే. కానీ అచ్చ ఇంగ్లీషు మాట జేతో ముగియదు. చివర జ్ వినిపిస్తే జీ-ఈ గానీ, డీ-జీ-ఈ గానీ రాయాలి: లార్జ్, జడ్జ్. జడ్జ్ అన్న ఒక్క మాటలో మొదట జే, చివర డీ-జీ-ఈ రెండూ ఉన్నాయి, దానితో మొదలుపెట్టండి.

ఆటకు వస్తే లెక్క వేరు. స్క్రాబుల్ అంటే అక్షరాల బిళ్లలతో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పేర్చే ఆట. దాని సంచిలో 100 బిళ్లలు. క్యూ, జెడ్‌లకు 10 పాయింట్లు, ఎక్స్, జేలకు 8, నాలుగూ ఒక్కో బిళ్లే. పాయింట్లు చూసి క్యూ కోసం ఆశపడతారు కానీ, యూ బిళ్లలు నాలుగే, అవి చేతికి రాకపోతే క్యూ బరువవుతుంది. అప్పుడు ఫకీర్ వేస్తే, బోర్డు మీది రెట్టింపులు లేకుండానే 17 వస్తాయి. ఎక్స్ అలా ఇరుక్కోదు. ఆక్స్ (ఓ-ఎక్స్), ఎక్స్ (ఈ-ఎక్స్) లాంటి రెండక్షరాల మాటల్లో కూడా సర్దుకుంటుంది. చేతిలో ఉండటానికి నాలుగింటిలో ఎక్స్ నయం.

వర్డిల్ అంటే దాచిన ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఊహించే ఆట. గళ్లు ఐదు, ప్రయత్నాలు ఆరు. మనం వేసిన మాటలో సరైన అక్షరం ఉంటే దాని గడి రంగుతో వెలుగుతుంది. మొదటి రెండు ప్రయత్నాల్లో ఈ నాలుగు అక్షరాల జోలికి పోవద్దు. ఓడించేది జెడ్‌ను మరిచిపోవడమే. పీ-ఆర్-ఐ, ఒక ఖాళీ, చివర ఈ అని తేలాక ప్రైస్, ప్రైడ్, ప్రైమ్, ప్రైజ్ నాలుగూ కుదురుతాయి. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే ప్రయత్నాలు కరిగిపోతాయి. మెడిక్ అని వేయండి. అందులో ఎమ్, డీ, సీ మూడూ ఉన్నాయి. ఈ మూడింటిలో ఏది వెలిగితే ఆ అక్షరమున్న మాటే జవాబు. మూడూ వెలగకపోతే ప్రైజ్, జెడ్‌తో.