హాట్ వాటర్ బ్యాగ్ బాగుంది, పెట్టుకోడానికి షాపులో చోటే లేదు

గుంటూరులో ఒక బట్టల షాపులో, చీరల సెక్షన్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే పని. నెలసరి మొదటిరోజు పొత్తికడుపు మెలిపెట్టేస్తుంది, నడుము పట్టేస్తుంది. మాత్ర వేసుకుంటే కడుపులో మంట. అందుకే మెడికల్ షాపులో రెండు లీటర్ల రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్ కొన్నాను.

వస్తువు మంచిదే. మరిగే నీళ్లు పోయకూడదు. కాస్త ఆరనిచ్చి, మూడింట రెండు వంతులే పోసి, పైన గాలి పోయేలా నొక్కి మూత బిగించాలి. పాత నూలుచీర ముక్క చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకుంటే కాసేపటికే హాయిగా ఉంటుంది. గర్భసంచి కండరాలు గట్టిగా ముడుచుకోవడం వల్ల వచ్చే నొప్పి ఇది, వేడికి ఆ పట్టు సడలుతుంది. కొత్తలో రబ్బరు వాసన వచ్చింది, వాడగా వాడగా పోయింది. మూతలో వాషర్ మాత్రం మరీ పలుచన.

అసలు చిక్కు పనిచోటే. నొప్పి ఎక్కువగా ఉండేది డ్యూటీలోనే, అక్కడ కూర్చోడానికి స్టూల్ కూడా లేదు. 2023 డిసెంబరు 13న రాజ్యసభలో అప్పటి మహిళా శిశు అభివృద్ధి మంత్రి స్మృతి ఇరానీ గారు, నెలసరి వైకల్యం కాదన్నారు, దానికోసం జీతంతో సెలవు ఇస్తే ఆడవాళ్లకు సమాన అవకాశాలు పోతాయన్నారు. కొద్దిరోజుల ముందే ఆ శాఖ లోక్‌సభకు ఇచ్చిన జవాబులో, తీవ్రమైన నొప్పి కొద్దిమందికే వస్తుందని, చాలావరకు మందులతో తగ్గించుకోవచ్చని ఉంది. వైకల్యం కాదు, నిజమే. కానీ నొప్పి నొప్పే కదండీ! అలాంటి సెలవు రూలు పెడితే మమ్మల్ని పనిలోకి తీసుకోరేమోనన్న భయం నాకూ ఉంది. అయినా బిహార్‌లో ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 1992 నుంచే నెలకు రెండు రోజుల సెలవు ఉంది. తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే సీటు ఉండాలని చట్టం చేసింది. సెలవు సంగతి తేలేలోపు మాకు ఆ సీటైనా కావాలి.

ఇంట్లో వాడుకునేవాళ్లు ధైర్యంగా కొనుక్కోండి. షుగరుతో చర్మం మొద్దుబారినవాళ్లకు మాత్రం వద్దు, కాలినా తెలియదు. రక్తస్రావం మరీ ఎక్కువైనా, నెలనెలా నొప్పి పెరుగుతున్నా బ్యాగ్‌తో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.