కేటలాగుకు గూగుల్ షీట్సా, కోహానా?

వెబ్ పనిముట్లు ఇప్పుడే నేర్చుకుంటున్న లైబ్రరీ ఉద్యోగికి షీట్స్ ఒక్క పూటలో చేతికొస్తుంది. పుస్తకానికి కాదు, దాని ఒక్కో ప్రతికి (కాపీకి) ఒక వరుస. అయితే టైపింగ్ మొదలెట్టకముందే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) కాలమ్‌ను ఎంచుకుని ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్ అని మార్చాలి. లేకపోతే 0తో మొదలయ్యే పది అంకెల ఐఎస్‌బీఎన్ తొమ్మిదంకెలుగా మిగులుతుంది, తర్వాత ఫార్మాట్ మార్చినా ఆ సున్నా తిరిగి రాదు. ఇంకో ప్రమాదం, రచయితల పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ చేయడం: ఒకరి పుస్తకం పక్కన ఇంకొకరి పేరు చేరుతుంది. వెంటనే గమనిస్తే వెర్షన్ హిస్టరీ కాపాడుతుంది.

కోహా 2000లో న్యూజిలాండ్‌లో మొదలైన ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్. సర్వర్ చూసుకునే మనిషి కావాలి, ఇదే అసలు అడ్డంకి. కానీ జెడ్39.50 (వేరే లైబ్రరీల కేటలాగుల్లో వెతికే పద్ధతి) వెతుకులాటలో ఐఎస్‌బీఎన్ ఇస్తే పెద్ద లైబ్రరీల రికార్డు, అంటే పుస్తకం వివరాలు, చాలాసార్లు సిద్ధంగా దొరుకుతుంది. దించుకునే ముందు అదే పుస్తకం మీ కేటలాగులో ఉందేమో చూడండి, జంట రికార్డులు తర్వాత కలపడం విసుగు పని. రికార్డులో పుస్తకం పేరు ఉండే 245 నంబరు గడిలో పేరు చూసుకోండి. పేరు ఇంగ్లిష్ 'The'తో మొదలైతే ఆ గడి రెండో ఇండికేటర్ (అక్షరక్రమంలో ఎన్ని అక్షరాలు వదిలేయాలో చెప్పే అంకె) 4 ఉండాలి (మూడక్షరాలు, ఒక ఖాళీ), లేకపోతే అక్షరక్రమంలో తప్పుచోట కూర్చుంటుంది. కొత్తవాళ్లు మరిచేది ఐటెమ్: రికార్డు సేవ్ అయినా, బార్‌కోడ్‌తో ప్రతిని చేర్చకపోతే పుస్తకం ఇష్యూ కాదు.

కొన్ని వందల పుస్తకాలు, ఒక్కరే చూసుకునే చోట షీట్స్ చాలు. ఇచ్చిపుచ్చుకోవడం, గడువులు, జరిమానాలు ఉంటే మొదటి రోజే కోహా మేలు.